ఇత్తడి స్క్రూ

బజారుకి బయలుదేరినప్పుడు షావుకారు లోపలి జేబులో నలభై వేలున్నాయి. అందులో పదిహేను వేలు కూతురు తన సంపాదనలోంచి తీసి ఇచ్చినవి, మిగతావి ఆయన గల్లాపెట్టెలోవి. పై జేబులో కళ్ళజోడు ఉంది. కడుపులో అల్లుడి మీద అనుమానం ఉంది, అది నాలుగు రోజులుగా ఉడుకుతూనే ఉంది.

ఆ అనుమానం ఎక్కడ పుట్టిందో నాలుగు మాటల్లో చెబితే సరిపోతుంది. కట్టబోయే ఇళ్ళకి కంప్యూటర్లో బొమ్మలు తయారుచేసి బిల్డర్లకి ఇవ్వడం ఆయన కూతురి వృత్తి. గోడలు లేవకముందే ఆ ఇంటి హాల్లో సోఫా మీద ఎండ ఎలా పడుతుందో చూపిస్తుంది. మూడు నెలలుగా ఆ కంప్యూటరు మొరాయిస్తోంది. బొమ్మ సగంలో ఉండగా మెమరీ చాలదంటూ ఆగిపోతోంది. ఒక పెద్ద బిల్డరు శుక్రవారం సాయంత్రానికి ఇరవై నాలుగు బొమ్మలు అడిగాడు. అవి అందితే ఏడాది పొడుగునా అతని పనంతా ఆమెదే. అందకపోతే తన్నుకుపోవడానికి ఇంకో ముగ్గురు సిద్ధంగా ఉన్నారు. ఇవాళ మంగళవారం, తయారైనవి ఐదు. అందులో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు మార్చక తప్పదని ఇంట్లో తేల్చారు. తేల్చిన రోజే పక్క గదిలో అల్లుడు భార్యతో అన్న మాట షావుకారు చెవిన పడింది.

"మీ నాన్నని మాత్రం వెంట తీసుకురాకు."

ముప్పై ఏళ్ళుగా నట్లూ బోల్టులూ గడియలూ తాళాలూ అమ్మిన మనిషాయన. అందరూ బోల్టుల షావుకారంటారు. కొనే చోటికి నువ్వు రావద్దని ఎవరైనా అన్నారంటే ఆ బేరంలో వాళ్ళకి వాటా ఉన్నట్టేనని ఆయన లెక్క. ఆ లెక్క ఇంతవరకూ రెండేసార్లు తప్పింది. అందుకే ఎవరూ పిలవకపోయినా అందరికంటే ముందు కారెక్కి వెనక సీట్లో కూర్చున్నాడు. అల్లుడు అద్దంలోంచి ఒకసారి చూసి బండి తీశాడు.

కంప్యూటర్ల కొట్టు అద్దాల తలుపు వెనక చల్లగా ఉంది. గోడ పొడుగునా పెట్టెలు, వాటి మధ్య ఊరికే తిరుగుతున్న రంగు దీపాల ఫ్యాన్లు. కొట్టాయనకి నలభై ఏళ్ళుంటాయి. మనిషి లోపలికి అడుగు పెట్టకముందే నవ్వు మొదలుపెట్టే రకం.

"రండి సార్, రండి! చాలా రోజులైంది" అన్నాడు అల్లుడితో.

ఆ 'చాలా రోజులు' షావుకారు మనసులో ఒక పక్కన పెట్టుకున్నాడు.

కూతురు తనకేం కావాలో చెప్పింది. కొట్టాయన మూడు పెట్టెలు తెచ్చి కౌంటరు మీద వరసగా పేర్చాడు. మొదటిది ఇరవై నాలుగు వేలు. రెండోది ముప్పై ఎనిమిది. మూడోది యాభై రెండు, పైగా దానికి పవర్ సప్లై కూడా మార్చాలి.

షావుకారుకి ఆ వరస చిన్నప్పటి నుంచీ తెలుసు. తన కొట్లో తాళాలు కూడా అలాగే పేరుస్తాడు. చవకది చూపించేది మనిషికి తన మీద తనకే జాలి పుట్టించడానికి. ఖరీదైనది చూపించేది గుండె జారడానికి. అమ్మదలుచుకున్న సరుకు ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది.

"మధ్యది తీసుకోండి మేడమ్. మీ పనికి సరిగ్గా సరిపోతుంది" అన్నాడు కొట్టాయన.

"నేను చెప్పలా?" అన్నాడు అల్లుడు భార్యతో.

షావుకారు చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఇద్దరిదీ ఒకే మాట. భలే కుదిరింది" అన్నాడు.

"నాన్నా, మొదలుపెట్టకు."

"నేనేం మొదలుపెట్టాను? తెలుసుకుంటున్నాను. ఈ మొదటిదానికీ రెండోదానికీ పద్నాలుగు వేల తేడా ఏమిటమ్మా? ఇంజను పెద్దదా?"

కూతురు నవ్వింది. చిన్నప్పటి నుంచీ కొట్లో కూర్చుని పెరిగిన పిల్ల కాబట్టి ఆయనకి ఏ భాషలో చెప్పాలో ఆమెకి తెలుసు. "ఇంజను కాదు నాన్నా, లారీ. ఇంట్లో ఉన్న సామానంతా, సోఫాలూ కర్టెన్లూ దీపాలూ, ఒకేసారి లారీలో పట్టాలి. పట్టకపోతే బండి అసలు కదలదు. మొదటిదాంట్లో మెమరీ ఎనిమిది జీబీ. అందులో వంటగది పడుతుంది, హాలు పట్టదు. రెండోదాంట్లో పన్నెండు. అన్నీ పడతాయి."

"ఇప్పుడు నీ దగ్గరున్నదాంట్లో ఎంత?"

"పన్నెండే."

"ఓహో."

ఆయన 'ఓహో' అంటే ఇంట్లో అందరికీ భయం.

"అంటే, ఉన్న లారీ పన్నెండు, కొనబోయే లారీ పన్నెండు. రెండేళ్ళ పాటు ఇవే సోఫాలూ ఇవే కర్టెన్లూ ఆ లారీలోనే తోలావు. మూడు నెలల నుంచి ఎందుకు పట్టట్లేదు? సోఫాలు లావెక్కాయా, లారీ చిక్కిపోయిందా?"

అల్లుడు గడియారం చూసుకున్నాడు. కొట్టాయన నవ్వు కాస్త తగ్గించి, "పాత కార్డు తెచ్చారా సార్? ఎక్స్‌ఛేంజీలో ఎంతొస్తుందో చూద్దాం" అన్నాడు.

పొద్దున్న అల్లుడే దాన్ని కంప్యూటర్లోంచి ఊడదీసి, తువ్వాలులో చుట్టి తెచ్చాడు. రెండు ఫ్యాన్లున్న నల్ల ఇటుకలా ఉంది. కొట్టాయన దాన్ని తన బల్ల మీదున్న కంప్యూటర్లో పెట్టాడు. తెరమీద కార్డు పేరు వచ్చింది, దాని కింద పన్నెండు అని అంకె వచ్చింది. అంతా సవ్యంగానే ఉంది. అయినా అతను ఇంకేదో పరీక్ష మొదలుపెట్టాడు. కార్డు మెమరీని అంచుదాకా నింపి చూసే పరీక్షట. ఆకుపచ్చ గీత మెల్లగా సాగుతూ నాలుగు దగ్గరికి వచ్చి ఎర్రబడింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ నాలుగు దగ్గరే ఎర్రబడింది.

ఇప్పుడు అతని ముఖంలో నవ్వు లేదు.

"మేడమ్, ఇది ఎక్కడ కొన్నారు?"

"ఏం?"

"పేరే పన్నెండు. లోపలున్నది నాలుగు. ఏదో పాత చిన్న కార్డు. లోపలి ప్రోగ్రాం మార్చేసి పెద్దదాని పేరు చెప్పేలా చేశారు. చిన్న చిన్న పనులకి తెలీదు. బరువు పెడితే కూలబడుతుంది. ఇది నేను వెయ్యికి కూడా తీసుకోను."

కూతురు పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయింది.

షావుకారు మాత్రం నిలబడే ఉన్నాడు. నాలుగు రోజులుగా వెతుకుతున్న ఆధారం ఆయనకి దొరికినట్టయింది. మెల్లగా అల్లుడి వైపు తిరిగి, ఎప్పుడూ లేనంత మర్యాదగా అడిగాడు.

"అల్లుడుగారూ, రెండేళ్ళ క్రితం ఈ కార్డు తెచ్చింది తమరే కదూ?"

"నేనే మామయ్యగారూ."

"ఎంతకి?"

"ముప్పై మూడు వేలకి."

"ఏ కొట్లో?"

"స్టేషన్ రోడ్డులో ఉండేది. ఇప్పుడు మూసేశారు."

"మూసేశారు!" షావుకారు కొట్టాయన వంక తిరిగి, సాక్షిని చూసినట్టు చూశాడు. "నాలుగు మెమరీ ఉన్నది ముప్పై మూడు వేలకి వచ్చింది. కొట్టు మూసేశారు. ఇవాళ మామగారు వెంట రాకూడదు. చెప్పండి బాబూ, మిగతా డబ్బు ఎక్కడికి పోయింది?"

"నాన్నా!"

"నువ్వుండమ్మా. శుక్రవారం నీ పని పోతే నువ్వు ఏడవాలి. ఎవరివల్ల ఏడుస్తున్నానో తెలిసి ఏడవడం మంచిది."

అల్లుడు నెమ్మదస్తుడు. ఒక ఆఫీసులో జీతాల చిట్టాలు చూసే మనిషి. గొంతు పెంచడం ఈ ఐదేళ్ళలో షావుకారు ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు విన్నాడు.

"మిమ్మల్ని రావద్దన్నది నిజమే! ఎందుకన్నానో కూడా వినండి. పోయినసారి మీరు నాతో బూట్లు కొనడానికొచ్చి రెండు గంటలు బేరమాడారు. చివరికి లేసులు ఊరికే ఇమ్మన్నారు. ఇప్పటికీ ఆ కొట్టు ముందు నుంచి నడవాలంటే రోడ్డుకి అవతలి పక్కకి పోతున్నాను. ఈయన దగ్గర మా ఆఫీసు ప్రింటర్లకి ఇంకు కొంటాను. ఇక్కడ కూడా తలెత్తుకోకుండా చేస్తారని రావద్దన్నాను. అంతే!"

కొట్టాయన దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"లేసులు విడిగా అమ్మితే ఖరీదెంతో తెలుసా?" అన్నాడు షావుకారు, కానీ గొంతులో పట్టు తగ్గింది.

"ఇంకోటి" అన్నాడు అల్లుడు. ఊపిరి తీసుకున్నాడు. "కార్డు మొదటి నుంచీ దొంగదైతే రెండేళ్ళు ఎలా పనిచేసింది? ఆ లారీ లెక్క చెప్పింది మీరే కదా? పోయిన ఏడాది దీని ఫ్యాను గడగడలాడితే వచ్చి బాగుచేసింది కూడా మీరే. ఒక స్క్రూ ఊడి పడిపోయిందని మీ కొట్లోంచి తెచ్చి బిగించారు. మీరు చూసిన కార్డే కదా ఇది? చూసుకోండి!"

షావుకారు కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు.

ఆ రోజు ఆయనకి బాగా గుర్తుంది. అంత చిన్న స్క్రూ కొట్లో దొరకలేదు. బీరువా తాళాలకి వాడే ఇత్తడి స్క్రూ ఒకటి దగ్గరగా సరిపోయింది గానీ పొడుగెక్కువ. కొస ఆకురాయితో అరగదీసి, తలకాయ కూడా ఒక పక్క కొంచెం గీకి పట్టించాడు. నల్లటి ఇటుక మీద ఆ ఒక్క చుక్క పసుప్పచ్చగా మెరిసేది. కూతురు దాన్ని చూసి, ముక్కుపుడక పెట్టావే నాన్నా అని నవ్వింది.

కార్డు చేతిలోకి తీసుకుని తిప్పాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అన్నీ నల్ల స్క్రూలే. వాటిలో ఏ ఒక్కటీ ఎన్నడూ ఊడినట్టు లేదు.

"ఇది మనది కాదు" అన్నాడు.

"ఏంటి?" కూతురు లేచి వచ్చింది.

"నేను చెయ్యి పెట్టిన కార్డు కాదిది. మార్చేశారు."

కూతురు కార్డు తీసుకుని తనూ స్క్రూలు లెక్కపెట్టింది. గోడ మీద రంగు ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.

"మూడు నెలల క్రితం దుమ్ము దులపడానికి మెకానిక్కుని పిలిచాం" అంది కూతురు మెల్లగా. "మేం పెళ్ళికి వెళ్ళాం కదా, రెండు రోజులు. ఆ రెండు రోజుల్లో వచ్చి చేసిపోయాడు."

"తలుపెవరు తీశారు?"

"అమ్మ. తాళం అమ్మ దగ్గరే ఉంటుందిగా. వాడు లోపల ఏం చేశాడో పాపం అమ్మకేం తెలుస్తుంది?"

"వాడి నంబరుందా?"

"పోయిన నెల నుంచీ కలవట్లేదు."

షావుకారు తల పంకించాడు. అల్లుడి ముఖం చూడాలంటే కష్టంగా ఉండి, ఎదురుగా ఉన్న అరలు చూడసాగాడు. కొనడానికి వెళ్ళిన చోట కౌంటరు మీద పెట్టిన సరుకు కాకుండా వెనక దాచిన సరుకు చూడటం ఆయనకి ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. మూడో అరలో, పెట్టె లేకుండా, పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ సంచిలో ఒక నల్ల ఇటుక ఉంది.

"అదేమిటి?"

"అది సెకండ్‌హ్యాండ్ సార్" అన్నాడు కొట్టాయన. "మీరనుకున్న పాతదాని మోడలే. అసలుది, పన్నెండు. పద్దెనిమిది వేలు చెబుతున్నాను. కొత్తది కొనడానికి వచ్చారు కదా అని చూపించలేదు."

"ఇలా ఇవ్వు."

సంచిలోంచి తీసి, రెండో ఫ్యాను పక్కకి వేలితో తడిమాడు. చూపు కంటే ముందు వేలికే తెలిసింది. తలకాయ ఒక పక్క గీకిన ఇత్తడి స్క్రూ. తుడిచి, మెరుగు పెట్టి, అమ్మకానికి సిద్ధం చేసినవాళ్ళు దాన్ని మాత్రం అలాగే వదిలేశారు. కంప్యూటర్లవాళ్ళు తెర మీద కనబడేదే చూస్తారు, స్క్రూ తలకాయ ఎవరు చూస్తారు?

కూతురు చూసింది. "నాన్నా, ముక్కుపుడక!" అంది.

"అయితే దొంగ సొత్తు కొన్నావన్నమాట" అన్నాడు షావుకారు కొట్టాయనతో. "పోలీసులని పిలవనా, నువ్వే పిలుస్తావా?"

కొట్టాయన కంగారు పడలేదు. కోపం మాత్రం వచ్చింది. "పెద్దాయనా, మాట జాగ్రత్త. పదిహేనేళ్ళ నుంచి ఇక్కడే ఉన్నాను. పాత సరుకు ఎవరు తెచ్చినా, తెచ్చినవాళ్ళ చేతిలోనే ఆ సరుకు పెట్టి ఫోటో తీసుకున్నాకే డబ్బిస్తాను. మెకానిక్కు ఒక్కడే వస్తే కొనేవాణ్ణి కాదు. సొంతదారుని వెంటబెట్టుకొచ్చాడు. ఇది నాదే, నా ఇష్టంతో అమ్ముతున్నానని నాతో చెప్పారు. చూడండి."

ఫోను తీసి, వేలితో వెనక్కి వెనక్కి జరిపి, షావుకారు ముఖం ముందు పెట్టాడు.

ఇదే కౌంటరు, ఇదే గోడ. నల్ల కార్డుని రెండు చేతులా, ఒలికిపోయే గిన్నె పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడింది ఆయన భార్య.

ముప్పై రెండేళ్ళుగా ఆయన కొట్టు మూసి వచ్చేదాకా తినకుండా కూర్చునే మనిషి. గల్లాపెట్టె తాళం చేతికిచ్చినా లెక్క అడగని మనిషి. ఫోటోలో ఆవిడ కెమెరా వైపు చూడటం లేదు. పక్కకి, గోడ గడియారం వైపు చూస్తోంది. ముఖంలో సిగ్గు లేదు, భయం లేదు. ఆలస్యమైపోతోందన్న ఆత్రం ఒక్కటే ఉంది.

"ఎవరు నాన్నా?" కూతురు కౌంటరు చుట్టూ తిరిగి వస్తోంది. "నన్ను చూడనీ."

షావుకారు ఫోను బోర్లించి కొట్టాయన చేతిలో పెట్టాడు. పెట్టి, అతని కళ్ళలోకి చూశాడు. ఇద్దరూ వ్యాపారస్తులే. కొట్టాయన ఆ చూపు చదువుకుని, ఫోను జేబులో వేసుకున్నాడు.

"కస్టమర్ల ఫోటోలు అందరికీ చూపించడం పద్ధతి కాదు మేడమ్. పెద్దవారని ఆయనకొక్కరికే చూపించాను."

"ఎవరో" అన్నాడు షావుకారు. "నాకు తెలీదు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి." మళ్ళీ కొట్టాయన వైపు తిరిగాడు. "ఎంతకి కొన్నావు?"

"పదకొండు వేల ఐదొందలు."

"పన్నెండు తీసుకో. ఆ ఐదొందలూ అరలో దాచినందుకు."

కూతురు నిర్ఘాంతపోయింది. "మన కార్డుకి మనం డబ్బు కడతామా? ఇప్పుడేగా పోలీసులన్నావు! బేరం కూడా ఆడవా?"

"పోలీసులొస్తే కార్డు వాళ్ళ బీరువాలోకి పోతుంది, శుక్రవారం నీ చేతిలోంచి పోతుంది. నీకు బొమ్మలు కావాలా, న్యాయం కావాలా?"

ఆమె కౌంటరు వైపు తిరిగింది. "ముందు నింపే పరీక్ష చెయ్యండి" అంది కొట్టాయనతో. "నా కళ్ళ ముందు చెయ్యండి. ఈసారి పన్నెండుదాకా ఆకుపచ్చే కనబడాలి."

అది విని మరో రోజైతే షావుకారు పొంగిపోయేవాడు. ఇవాళ పన్నెండు వేలు లెక్కపెట్టి ఇచ్చి, ఎండలోకి వచ్చేశాడు.

కారు పక్కన నిలబడ్డాడు. వెనకే అల్లుడు వచ్చాడు. అద్దాల తలుపులోంచి కూతురు తెర మీదికి వంగి కనబడుతోంది. ఆకుపచ్చ గీత నాలుగు దాటింది, ఆరు దాటింది.

"బాబూ" అన్నాడు షావుకారు, చెప్పులవంక చూసుకుంటూ. "నీ మీద నా లెక్క తప్పింది."

"పర్లేదు మామయ్యగారూ."

"పర్లేదు కాదు. తప్పింది. ఆ బూట్ల కొట్టుకి కూడా ఒకసారి వెళ్ళి వద్దాంలే."

అల్లుడు నవ్వలేదు. తలుపు వైపు ఒకసారి చూసి, దగ్గరికి జరిగి, గొంతు తగ్గించాడు.

"ఆయన ఫోను పెట్టినప్పుడు నేను మీ వెనకే ఉన్నాను. నేనూ చూశాను."

షావుకారు చెయ్యి కారు తలుపు మీద ఆగిపోయింది.

"ఆవిడ అమ్మింది ఈ కార్డునని ఇప్పుడే తెలిసింది. కానీ డబ్బెందుకో తెలుసు. అత్తయ్యగారు ముందు నన్నే అడిగారు. నా దగ్గర లేదు. ఎవరికోసమో చెప్పారు కూడా. చెప్పి, ఒట్టు వేయించుకున్నారు."

"ఎవరికీ చెప్పొద్దనా?"

"కాదండీ. మీకొక్కరికి చెప్పొద్దని."

లోపల ఆకుపచ్చ గీత పన్నెండుకి చేరింది. కూతురు రెండు చేతులూ పైకెత్తి, అద్దంలోంచి వాళ్ళిద్దరికీ చూపించి నవ్వింది. షావుకారు కూడా చెయ్యెత్తి ఊపాడు. ఊపుతూనే, జీవితంలో ఏ బేరం ముగిసినా చేసే పనే చేశాడు. పోయింది పన్నెండు వేలు, మిగిలింది ఇరవై ఎనిమిది. కూతురికి పని దక్కింది. మంచి అల్లుడు ఐదేళ్ళ తర్వాత దక్కాడు. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని, వడ్డించే మనిషిని అడగడానికి, ఆ డబ్బు ఎవరికోసమన్న ప్రశ్న కూడా దక్కింది. దాని ఖరీదెంతో మాత్రం ఆయనకి అంతుపట్టలేదు.